ఆటవిడుపు: ఈ మాటను తక్కువ చేసి వాడుతున్నామా?

ఈమధ్య ఒక సరదా యానిమేషన్ సాహస కథ చూసి నాలుగు మాటలు రాశాను. చివర్లో "పిల్లలకీ పెద్దలకీ మంచి ఆటవిడుపు" అన్నాను. చదివిన స్నేహితురాలు "అంటే గొప్పగా ఏమీ లేదనేగా?" అని అడిగింది. నా ఉద్దేశం అది కాదు. కానీ ఆమెకి అలా వినిపించిందంటే మాట వాడుకలో ఎక్కడో పలచబడిందన్నమాట. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

చదువు మధ్యలో పిల్లల్ని ఆడుకోమని వదిలేయడం ఆటవిడుపు. పనిలోంచి కాసేపు తెరిపి అన్న అర్థం ఆ వాడుకలోంచే వచ్చింది. మాట బలమంతా "విడుపు"లో ఉంది. తెలుగులో విడుపు ఎక్కువగా పట్టుతో జతగానే తిరుగుతుంది. గ్రహణానికి పట్టూ విడుపూ ఉంటాయి. నలుగురు కలిసి బతకాలంటే పట్టువిడుపులు ఉండాలంటాం. పట్టుకున్నదాన్నే కదా వదలగలం! బడే లేని పిల్లవాడికి ఆటవిడుపు ఎక్కడిది?

ఈ రకం సినిమాలకి ఇంతకన్నా మంచి కొలత నాకు దొరకలేదు. వాటిలో సాహసం పట్టు, హాస్యం విడుపు. ఒక పాత్ర పరుగెత్తుతూ కొండ అంచు దాటేస్తుంది. గాల్లో కూడా కాళ్లు ఆడుతూనే ఉంటాయి. ఆగుతుంది. కిందికి చూస్తుంది. మనవైపు చూస్తుంది. అప్పుడు పడుతుంది. నవ్వంతా ఆ చూపులోనే ఉంది. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు, అంటే తెరమీద ఒకదాని వెంట ఒకటి వచ్చే విడి చిత్రాలు. ఆ చూపుని 12 ఫ్రేములు కదలకుండా నిలిపితే అరసెకను. ఆ అరసెకను మనం ఊపిరి బిగబడతాం. దాన్ని 3, 4 ఫ్రేములకి కుదిస్తే ఎవరో పడిపోయారని తెలుస్తుంది, అంతే. దూకబోయే పాత్ర ముందు వెనక్కి వంగి కుంచించుకోవడం కూడా ఇలాంటిదే. యానిమేటర్లు దాన్ని యాంటిసిపేషన్ అంటారు. నాకైతే అది పట్టు. చేత్తో గీసినా కంప్యూటర్‌లో చేసినా ఈ లెక్క ఒకటే. మనుషులతో తీసే సినిమాలో ఇంత సన్నగా కాలాన్ని కొలిచి పెట్టడం కష్టం. ఈ కళ ఇచ్చే ఆనందాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

మరి లోటు ఎక్కడ? పట్టు లేకుండా విడుపే పెట్టడంలో. కథ మొదలైన క్షణం నుంచి అందరూ పంచ్‌లు వేస్తూనే ఉంటారు. వంతెన తెగిపోతుంటే ఒక జోక్, దారి తప్పితే ఇంకో జోక్. విలన్ కూడా జోకులే వేస్తాడు. ఎవరికీ ఏమీ కాదని మనకి ముందే తెలిసిపోతుంది. టెన్షన్ లేదు, కాబట్టి నవ్వులో హాయి కూడా ఉండదు. గంటన్నర సినిమా అయినా అలసట వస్తుంది.

భరతుడు నాట్యశాస్త్రంలో హాస్యాన్ని ఆరు రకాలు చేశాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. స్మితంలో చెక్కిళ్లు కాస్త విప్పారతాయి గానీ పళ్లు కనబడవు. అపహసితాన్ని చెబుతూ "అస్థానహసితం" అన్నాడు, అంటే తగని చోట నవ్వు. అది నవ్వేవాళ్ల గురించి చెప్పిన మాట. నేను నవ్వించేవాళ్లకి కూడా వాడుకుంటాను. తప్పిపోయిన పిల్ల తల్లిని చేరుకున్న క్షణంలో పక్కనున్న తోడు జంతువు చేత వెకిలి మాట చెప్పిస్తే అది అస్థానహసితమే. చూసేవాళ్ల కళ్లు చెమర్చడానికి రెండు క్షణాలు కూడా ఇవ్వరు. నాకు నిజంగా కోపం వచ్చేది అక్కడే.

స్పందన: ఆట నుంచి విడుపు అని పంచమీ తత్పురుషంగా చెప్పకూడదా అండీ? ఆట ముగిసింది, ఇక చాలు అన్నట్టు?

జవాబు: విగ్రహవాక్యం అలా చెప్పొచ్చు గానీ వాడుక ఒప్పుకోదండీ. ఆట కొరకు విడుపు, చతుర్థే. వదిలేది చదువు నుంచి, వదలడం ఆట కోసం. చదువు అన్న మాట సమాసంలో కనబడదు, అయినా అర్థంలో ఉంది. కనబడని ఆ పట్టుని మరిచిపోయాం కాబట్టే మాట పలచబడిందని నా అనుమానం.

స్పందన: మీరు చెప్పిన ఆ రెండు క్షణాల నిశ్శబ్దం అసలు సినిమాలో ఉన్నా తెలుగు డబ్బింగ్‌లో పోతోంది కదండీ.

జవాబు: చాలాసార్లు పోతోందండీ. పాత్ర మనవైపు చూసి మాట్లాడేటప్పుడు పెదవుల కదలికకి కట్టుబడాలి. వీపు తిప్పితే ఆ అడ్డు లేదు. అక్కడ ఏ మాటైనా పెట్టొచ్చు, అందుకని పెట్టేస్తారు. అసలులో పాత్ర ఊరికే నడిచి వెళ్లిపోయిన చోట తెలుగులో ఒక డైలాగు వినిపిస్తుంది. మాటలు రాసేవాళ్లు ఆ ఖాళీని ఖాళీగా వదలాలి. రాయడం ఎంత పనో అది కూడా అంత పనే.

నా నాలుగు మాటల్లో "ఆటవిడుపు"ని తీసేయలేదు. దానికి ముందు ఒక వాక్యం మాత్రం చేర్చాను: "సొరంగం సీనులో పిల్లలు కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నారు, వెలుగు కనబడగానే పగలబడి నవ్వారు."