కొలవని అంకె రాయమంటే ఎలా కాదనాలి?

ప్రశ్న:
చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షల పని నాది. జూన్, జూలైలలో తోతాపురి లారీలు గేటు బయట బారులు తీరతాయి. గుజ్జు తీపిని బ్రిక్స్‌లో కొలిచి రిజిస్టరులో రాయాలి. మొన్న రాత్రి షిఫ్టులో 12.8 వచ్చింది. కొనుగోలుదారు అడిగింది 14. "14.2 అని రాసేయమ్మా, అందరూ రాసేదే" అన్నారు సూపర్‌వైజరు. రాశాను. ఆయన చెడ్డవారు కారు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు అడగకుండానే అడ్వాన్సు ఇప్పించారు. అదే నా నోరు కట్టేస్తోంది.

జవాబు (పలమనేరు నుంచి):
అమ్మా, ముందు పరికరం చూశారా? తీపి కొలిచే రిఫ్రాక్టోమీటరును డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకు సరిచేసి, గుజ్జు చల్లారాక మళ్లీ కొలవండి. వేడి మీద అంకె తేడాగా వస్తుంది.

జవాబు (తిరుపతి, ఆడిటరు):
నలుగురిలో అనకండి. టీ వేళ ఒంటరిగా కలిసి "సార్, అక్కడ సంతకం నాది" అనండి, చాలు. రిజిస్టరులో వైట్‌నర్ మాత్రం పూయవద్దు! పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం చేయండి.

ప్రశ్న అడిగినవారు:
మళ్లీ కొలిచాను, 12.9. చెప్పాను, గొంతు వణికింది. సూపర్‌వైజరు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ గుజ్జు డ్రమ్ములు పక్కన పెట్టించారు. ఈ రోజు నా నమస్కారానికి తల మాత్రం ఊపారు.