నెలసరికి ముందు చిగుళ్ళ వాపు, ఒంట్లో వేడి: ఇది హార్మోన్ల ప్రభావమేనా?

మల్లెమొగ్గ (మారతహళ్ళి, బెంగళూరు)

ఎనిమిది నెలలుగా గమనిస్తున్నాను. నెలసరికి నాలుగైదు రోజుల ముందు నా చిగుళ్ళు వాచి, పళ్ళు తోముకునేటప్పుడు ఉమ్మిన నురగ గులాబీ రంగులో పడుతోంది. అవే రోజుల్లో ఒళ్ళు వెచ్చబడి జ్వరం వచ్చినట్టే అనిపిస్తుంది గాని, థర్మామీటరు పెడితే 37 మీద ఒకటి రెండు గీతలు మించదు. పళ్ళ డాక్టరుగారు గార తీసి పంపారు. అయినా తర్వాతి నెల అదే వేళకు మళ్ళీ మొదలైంది. నెలసరి వచ్చిన రెండో రోజుకల్లా అంతా తగ్గిపోతుంది. పొత్తికడుపు నొప్పి, నడుము లాగడం గురించి మా అమ్మ ముందే చెప్పింది గాని, చిగుళ్ళ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎరగరు. మీలో ఎవరికైనా ఇలా ఉందా?

తులసికోట (జయనగర)

నాకు ఇరవయ్యేళ్ళుగా ఉందమ్మా. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పెరుగుతుంది. శరీరపు వేడిని 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెంచేది అదే, కనుక మీరు చూసింది జ్వరం కాదు. చిగుళ్ళలోని రక్తనాళాలు కూడా ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్‌లకు స్పందిస్తాయి కాబట్టి, మామూలు రోజుల్లో ఏమీ చేయని కొద్దిపాటి పాచి సైతం ఆ వారంలో వాపు తెస్తుంది. పేగుల కండరాలను సడలించి మలబద్ధకం, కడుపుబ్బరం తెచ్చేదీ ఆ ప్రొజెస్టెరానే. తీరా నెలసరి మొదలయ్యేసరికి గర్భాశయపు పొరలో విడుదలయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పేగులను కూడా కదిలించడంతో, నాలుగు రోజులు బిగుసుకున్న కడుపు ఒక్కసారిగా జారుతుంది. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా వస్తాయా అని నేను చాలాకాలం మథనపడ్డాను.

ఒక మాట గట్టిగా చెప్పాలి. "హార్మోన్లు ఎక్కువయ్యాయి" అని అందరూ అంటారు గాని, నెలసరికి ముందు బాధపడే స్త్రీలలో చాలామందికి రక్తంలో వాటి మోతాదు మామూలుగానే ఉంటుంది. ఆ హెచ్చుతగ్గులకు శరీరం, మెదడు స్పందించే తీరులోనే తేడా ఉంటుంది. అందుకని ఒక్క రక్తపరీక్ష చూసి "అంతా బాగానే ఉంది, మీ ఊహే" అనడం అన్యాయం. నన్ను ఒకచోట అలాగే పంపేశారు. తర్వాత చూసిన డాక్టరమ్మ రెండు నెలలు తేదీలవారీగా రాసి తెమ్మంటే, వంటింటి క్యాలెండరులో పాల లెక్క పక్కనే ఎర్రసిరాతో చిగుళ్ళకు 'చి', తలనొప్పికి 'త' అని రాశాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఎర్ర అక్షరాలన్నీ నెలసరికి ముందు వారంలోనే గుంపుగా కనబడ్డాయి. ఆవిడ వాటిని చూశాకే మందు సంగతి మాట్లాడారు.

కావిరంగు (యశవంతపుర)

నాది పార్శ్వపు తలనొప్పి (మైగ్రేన్). నెలసరికి రెండు రోజుల ముందు మొదలై మూడో రోజు దాకా ఉంటుంది. ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోవడమే కారణమని మా న్యూరాలజిస్టు వివరించారు. నొప్పికి ముందు కళ్ళెదుట మెరుపు గీతలు కనిపించేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పకుండా ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకండి. పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది. నాకు ఆ మాత్రలు రాసిన క్లినిక్కులో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. మందుల షాపులో పనిచేసే మా వదిన అడగబట్టి బయటపడ్డాను.

వేపపూత (కె.ఆర్.పురం)

మా చెల్లికి ఆ వారంలోనే ఆయాసం పెరుగుతుంది. ఉబ్బసం, మూర్ఛ ఉన్న కొందరిలో నెలసరి చుట్టూ అవి ఎక్కువవడం వైద్యులకు తెలిసిన విషయమే. ప్రతినెలా అదే వేళకు కుడి భుజం నొప్పి, ఊపిరి పట్టేయడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే డయాఫ్రం కండరం మీద పెరిగే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు పొర లాంటి కణజాలం గర్భాశయం బయట పెరగడం) అలా బయటపడవచ్చు.

మల్లెమొగ్గ

భుజం నొప్పి లేదండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించుకోవాలా?

తులసికోట

చేయించుకోండమ్మా. థైరాయిడ్ లోపం, రక్తహీనత వల్ల వచ్చే నీరసం నెలంతా ఉంటుంది, నెలసరితో పోదు. చిగుళ్ళ నుంచి నెలసరి అయ్యాక కూడా రక్తం వస్తుంటే మళ్ళీ పళ్ళ డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. ఈసారి శుభ్రం చేయించుకోవడం ఆ వాపు వారంలో కాకుండా నెలసరి తర్వాత పెట్టుకోండి. అప్పటిదాకా మెత్తటి బ్రష్‌తోనే తోముకోండి, నొప్పి అని మానేస్తే పాచి పేరుకుంటుంది.