నల్లజాతి మహిళా చరిత్రకారులకు ఇంకా విడి సంఘం అవసరమా?

విద్యార్థి_చరిత్ర:
అమెరికాలో 1979లో ఏర్పడిన అసోసియేషన్ ఆఫ్ బ్లాక్ విమెన్ హిస్టోరియన్స్ ఇప్పుడు విడిగా కొనసాగవలసిన అవసరం ఉందా అన్నది నా ప్రశ్న. 1884 నాటి చరిత్రకారుల సంస్థ అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్‌కు 2024లో నల్లజాతి చరిత్రకారిణి థావోలియా గ్లిమ్ఫ్ అధ్యక్షురాలయ్యారు. అక్కడి చరిత్రకారుల మరో పెద్ద సంస్థకు మేరీ ఫ్రాన్సెస్ బెర్రీ, డార్లీన్ క్లార్క్ హైన్, నెల్ ఇర్విన్ పెయింటర్ అనే నల్లజాతి మహిళలు అంతకు చాలా ముందే నాయకత్వం వహించారు. పెద్ద సభలోనే పీట వేశాక కూడా పక్కగదిలో కూర్చుంటే, వారి పరిశోధన వారిలో వారే చదువుకోవలసి వస్తుంది.

పాతదస్త్రం:
అధ్యక్ష పదవి ఏడాదిలో ముగుస్తుంది. ఏ కాగితాన్ని ఆధారంగా భద్రపరచాలన్న నిర్ణయం మాత్రం తరాలపాటు నిలుస్తుంది. మీరు పేర్కొన్న హైన్ గారి అనుభవమే చూడండి. 1980లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఉన్న ఆమెకు ఇండియానాపొలిస్ నుంచి షర్లీ హెర్డ్ అనే ఉపాధ్యాయిని ఫోన్ చేసి, ఇండియానా నల్లజాతి స్త్రీల చరిత్ర రాసిపెట్టమని కోరారు. చరిత్ర అలా అడిగి రాయించుకునేది కాదని హైన్ మొదట నిరాకరించారు. తీరా ఆ స్త్రీలు సేకరించిన కాగితాలు చూశాక, గ్రంథాలయాలలో దొరకని చరిత్ర ఇళ్లలో ఉందని గ్రహించారు. ఆ తరువాత ఇండియానా, ఇల్లినాయ్ రాష్ట్రాలలో ఉత్తరాలు, ఫొటోలు, మహిళా సంఘాల రికార్డులు సేకరించే పథకమే నడిచింది.

విద్యార్థి_చరిత్ర:
ఈ ఉదాహరణ మీ వాదనకే ఎదురు తిరుగుతోంది. హెర్డ్ వెనుక ఉన్నది నల్లజాతి మహిళల జాతీయ సంస్థ అయిన నేషనల్ కౌన్సిల్ ఆఫ్ నీగ్రో విమెన్. అది ఆచార్యుల సంఘం కాదు.

నిదానం:
నిజమే, అయితే సేకరించినది పాఠకులకు చేరడానికి ఆచార్యుల బలగం కూడా కావలసి వచ్చింది. 1993లో వెలువడిన నల్లజాతి అమెరికన్ స్త్రీల విజ్ఞాన సర్వస్వానికి హైన్‌తో పాటు సంపాదకత్వం వహించిన వారిలో, మనం మాట్లాడుకుంటున్న చరిత్రకారిణుల సంఘం స్థాపకులలో ఒకరైన రోజలిన్ టెర్బోర్గ్-పెన్ ఉన్నారు. వందలాది వ్యాసాలకు సమర్థులైన రచయితలను పోగుచేయడం ముందే అల్లుకున్న పరిచయాలు లేకుండా అయ్యే పని కాదు. పక్కగది అన్న మాట కూడా సరిగా లేదు, ఎందుకంటే నల్లజాతి చరిత్ర అధ్యయనం కోసం చరిత్రకారుడు కార్టర్ జి. వుడ్‌సన్ 1915లో స్థాపించిన సంస్థ వార్షిక మహాసభలలోనే వీరు కలుసుకుంటారు. 2011లో నల్లజాతి పనిమనుషుల గురించి ఒక హాలీవుడ్ చిత్రం వచ్చినప్పుడు, ఆ స్త్రీలు యజమానుల ఇళ్లలో ఎదుర్కొన్న లైంగిక వేధింపులను అది దాటవేసిందని బహిరంగ ప్రకటన చేసింది కూడా ఈ సంఘమే.

విద్యార్థి_చరిత్ర:
ప్రకటన విలువను కాదనను. కానీ చరిత్రకారిణి లెటీషియా వుడ్స్ బ్రౌన్ పేరిట ఈ సంఘం బహుమతి ఇచ్చిన పుస్తకాన్ని, ‘స్త్రీల అంశం’ అని పక్కన పెట్టే అధ్యాపకుడి చేత చదివించే మార్గం సంఘం దగ్గర ఉందా?