కేబుల్ పీకితే కెర్నల్ ప్యానిక్
ప్రశ్న: యూఎస్‌బీ టెంపరేచర్ సెన్సర్‌కి లినక్స్ డ్రైవర్ రాశానండి. రోజంతా బాగానే నడుస్తుంది. కేబుల్ పీకితే మాత్రం పదిసార్లలో రెండు మూడుసార్లు ప్యానిక్, సిస్టమ్ మొత్తం ఆగిపోతుంది. కాసాన్ (కెర్నల్‌లో మెమరీ తప్పులు పట్టే సాధనం) ఆన్ చేస్తే 'యూజ్ ఆఫ్టర్ ఫ్రీ' అంటోంది, అంటే వదిలేసిన మెమరీని మళ్లీ వాడుతున్నట్టు. కేబుల్ పీకినప్పుడు నడిచే డిస్‌కనెక్ట్ ఫంక్షన్‌లో కేఫ్రీ (మెమరీని వదిలేసేది) ఒక్కసారే ఉంది. రాత్రి రెండింటిదాకా ప్రింట్‌కేలు (కెర్నల్ లాగ్‌లో మెసేజ్ రాసే లైన్లు) పెడుతూ కూర్చున్నా. పెడితే బగ్ మాయం!

జవాబు: ప్రింట్‌కేతో టైమింగ్ మారిపోతుంది, అందుకే దాక్కుంటోంది. కాసాన్ రిపోర్టులో ఫ్రీ చేసిందెవరు, ఆ తర్వాత చదివిందెవరు?

ప్రశ్న అడిగినవారు: ఫ్రీ చేసింది డిస్‌కనెక్టే. చదివింది కేవర్కర్ (వెనకాల పనులు నడిపే కెర్నల్ థ్రెడ్).

మరో జవాబు: దొరికిందండి. సెకనుకోసారి రీడింగ్ తీసే డిలేయ్డ్ వర్క్ (కాసేపాగి నడిచేలా పెట్టిన పని) ఉండే ఉంటుంది. ఇల్లు కూల్చేశాక కూడా అది వచ్చి తలుపు తడుతోంది. కేఫ్రీకి ముందు 'క్యాన్సిల్ డిలేయ్డ్ వర్క్ సింక్' పెట్టండి. సింక్ లేని 'క్యాన్సిల్ డిలేయ్డ్ వర్క్' అయితే అప్పటికే నడుస్తున్న వర్క్ పూర్తయ్యేదాకా ఆగదు.

ప్రశ్న అడిగినవారు: అయ్యో, నేను సింక్ లేనిదే పెట్టాను. మార్చాక యాభైసార్లు పీకి పెట్టా, కాసాన్ కిక్కురుమనలేదు.