అబోరిజినల్ స్టడీస్ ట్యుటోరియల్స్ నడిపినవాళ్లు, చదివినవాళ్లు: క్లాసులో నిజంగా ఏది పనిచేసింది?

యర్రా_ఒడ్డున

అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్‌లో హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. వచ్చే సెమిస్టర్ నుంచి ఫస్టియర్ అబోరిజినల్ స్టడీస్ (ఆస్ట్రేలియా మూలవాసుల గురించిన చదువు) యూనిట్‌లో ట్యుటోరియల్స్ నాకు ఇచ్చారు. లెక్చర్లు కోఆర్డినేటర్ మేడమ్‌వి. ఆవిడ అబోరిజినల్ మహిళ, రీడింగ్స్ కూడా ఆవిడ ఎంచినవే. వారానికోసారి గంటన్నర చర్చ నడపడం నా పని. నర్సింగ్, టీచింగ్ పిల్లలకు ఇది తప్పనిసరి సబ్జెక్టు.

ఇంతకుముందు చెప్పిన ట్యూటర్లందరిదీ ఒకే మాట. ఏ మాట తప్పవుతుందోనన్న భయంతో సగం మంది నోరు విప్పరు. మన ఇండియన్, నేపాలీ పిల్లల్లో కొందరు ‘ఇది తెల్లవాళ్లకూ వాళ్లకూ మధ్య విషయం, మాకేం సంబంధం’ అన్నట్టు కూర్చుంటారు. మీ అనుభవాలు చెప్పండి. థియరీ కంటే క్లాసులో ఏం చేశారో, ఏం జరిగిందో రాస్తే నాకు ఎక్కువ ఉపయోగం.

హీల్స్‌విల్_రోడ్

యర్రా గారూ, చాలా ఏళ్లుగా ఈ క్లాసులు చెబుతున్నాను. ఆ మౌనం పోవాలంటే ముందు అభిప్రాయాలు అడగడం ఆపండి. మొదటి కొన్ని వారాలు ‘దీని మీద మీరేమనుకుంటున్నారు’ అనే ప్రశ్నే నేను వేయను. ‘ఈ కాగితంలో ఏముంది’ అని అడుగుతాను. అభిప్రాయం చెప్పాలంటే భయపడే పిల్లలు కాగితంలో ఉన్నది చెప్పడానికి భయపడరు.

మీరు మెల్‌బోర్న్‌లోనే ఉన్నారు కాబట్టి కొరాండర్క్‌తో మొదలుపెట్టండి. హీల్స్‌విల్ దగ్గర 1863లో కూలిన్ అనే ఇక్కడి అబోరిజినల్ ప్రజలు స్థిరపడిన రిజర్వు, అంటే వాళ్లకని కేటాయించిన నేల, అది. నేల బాగుచేసుకుని, ఇళ్లు కట్టుకుని, బీరు తయారీకి వాడే హాప్స్ పండించి మంచి పేరు తెచ్చుకున్నారు. ఆ నేల మీద చుట్టుపక్కల వాళ్ల కన్ను పడింది. రిజర్వుల వ్యవహారాలు చూసే బోర్డు వీళ్లను అక్కణ్ణుంచి తరలించాలని చూసింది. కూలిన్ ప్రజల్లో వురుండ్జెరి తెగ పెద్ద విలియం బరాక్, ఆయన వెంట మరికొందరు మెల్‌బోర్న్ దాకా నడిచి వెళ్లి మంత్రులను కలిశారు, పిటిషన్లు పెట్టారు. చివరికి 1881లో అధికారిక విచారణ జరిగింది. అక్కడ అబోరిజినల్ సాక్షులు చెప్పినదంతా ప్రశ్న, జవాబు రూపంలో అచ్చై ఉంది.

ఒక్కో గుంపుకి అందులోంచి రెండేసి పేజీలు ఇస్తాను. అడిగేవి మూడే. ప్రశ్న వేస్తున్నది ఎవరు? ఆయన ఏ జవాబు కోసం చూస్తున్నాడు? సాక్షి మాటను ఎటు తిప్పుతున్నారు? కమిషనర్ రేషన్ గురించో బట్టల గురించో అడుగుతుంటాడు. సాక్షులు కూలి డబ్బుల దగ్గరికి, మేనేజర్‌గా ఎవరుండాలన్న దగ్గరికి, ఈ నేల తమకే ఉండాలన్న దగ్గరికి వస్తుంటారు. ఏడుపు కథ చదవబోతున్నాం అనుకుని వచ్చిన పిల్లలకు ప్రభుత్వాన్ని ఎలా కదిలించాలో బాగా తెలిసిన మనుషులు కనిపిస్తారు. అక్కణ్ణుంచి చర్చ దానంతట అదే నడుస్తుంది.

ఆ తర్వాతి వారం 1886 చట్టం ఇవ్వండి. మిశ్రమ సంతతి వాళ్లలో వయసులో ఉన్నవాళ్లను రిజర్వుల నుంచి పంపేసిన చట్టం. విచారణలో గట్టిగా నిలబడిన ఊళ్లో పొలం పనికి చేతులే లేకుండా పోయాయి. 1924లో కొరాండర్క్‌ని మూసేశారు. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ‘రక్షణ’ పేరుతో ఏం జరిగిందో లెక్చర్ అవసరం లేకుండానే తెలుస్తుంది.

బ్రిస్బేన్_బీఎడ్

నేను స్టూడెంట్ వైపు నుంచి చెబుతాను. ఆ పేజీలను దయచేసి నాటకంలా చదివించకండి. మాకు ఒక ట్యూటర్ పాత్రలు పంచారు. తల్లి పాత్ర ఒకరికి, పోలీసు పాత్ర ఒకరికి, తీసుకెళ్లిపోతున్న బిడ్డ పాత్ర ఒకరికి. మా క్లాసులో ఒక అబోరిజినల్ అమ్మాయి ఉండేది. తను బ్యాగ్ తీసుకుని బయటికి వెళ్లిపోయింది, మిగతా సెమిస్టర్ అంతా ఆన్‌లైన్‌లోనే చూసుకుంది. వాళ్ల అమ్మమ్మ జీవితం అది. మాకు అది ఇరవై నిమిషాల యాక్టివిటీ. అబోరిజినల్ పిల్లలను కుటుంబాల నుంచి ప్రభుత్వం తీసుకెళ్లిపోవడం మీద 1997లో వచ్చిన ‘బ్రింగింగ్ దెమ్ హోమ్’ రిపోర్టులోని సాక్ష్యాలు అలా అనుభవించిన వాళ్లు స్వయంగా చెప్పినవి. వాళ్ల పిల్లలు, మనవలు ఈ రోజు అవే యూనివర్సిటీల్లో చదువుతున్నారు.

హీల్స్‌విల్_రోడ్

మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పాత్రలు పంచే పని నేను ఎప్పుడూ చేయలేదు, చేయను. పేజీలు ఎవరికి వాళ్లు మనసులో చదువుకుంటారు.

కెయిర్న్స్_కుర్రాడు

నేను కొంచెం వేరేలా అనుకుంటున్నాను. నటించడం వేరు, పైకి చదవడం వేరు. 1881 సాక్ష్యాన్ని గొంతు మార్చకుండా పైకి చదివినప్పుడు ఆ ప్రశ్నల్లోని అధికారం చెవికి తెలుస్తుంది. మనసులో చదివితే అది పిల్లలకు అందదు. మా యూనిట్‌లో కోఆర్డినేటర్‌ని అడిగితే, పైకి చదవడం సరే, స్టోలెన్ జనరేషన్స్ (అలా కుటుంబాల నుంచి తీసుకెళ్లిపోయిన పిల్లల తరాలు) సాక్ష్యాలు మాత్రం వద్దు అన్నారు. మీ చోట మీ మేడమ్‌నే అడగండి యర్రా గారూ, ఇందులో ఆవిడదే చివరి మాట.

ఇంకో విషయం. చనిపోయిన వాళ్ల ఫొటోలు, గొంతులు, పేర్లు ఉన్న మెటీరియల్ ఏదైనా ఉంటే క్లాసు మొదట్లోనే కాదు, ముందు వారమే చెప్పండి. చాలా అబోరిజినల్ సమాజాల్లో అది పాటించవలసిన మర్యాద. క్లాసులో ఎవరి నేపథ్యం ఏమిటో మీకు తెలిసే అవకాశం లేదు.

డార్విన్_నర్స్

నర్సింగ్ పిల్లలు ఉన్నారన్నారు కదా, నేను అదే కోర్సు చేశాను, ఇప్పుడు రీనల్ (కిడ్నీ) వార్డులో ఉన్నాను. చరిత్ర క్లాసంటే మావాళ్లకు ‘పరీక్షకి చదివి వదిలేసేది’. ఆ అభిప్రాయం మార్చిన క్లాసు ఒకటి నాకు బాగా గుర్తుంది.

మా ట్యూటర్ ఒక ఊహాజనిత పేషెంట్ షీట్ ఇచ్చారు. ఎడారిలోని మారుమూల ఊరి నుంచి డయాలసిస్‌కి ఆలిస్ స్ప్రింగ్స్ వచ్చిన పెద్దావిడ, చికిత్స మధ్యలో ఊరికి వెళ్లిపోయింది. ఏం చేస్తారు అని అడిగారు. అందరం ఒకటే రాశాం: ఆవిడకు అవగాహన కల్పించాలి, కుటుంబానికి కౌన్సెలింగ్ ఇవ్వాలి. ట్యూటర్ అవి బోర్డు మీద రాసి, ఏమీ అనకుండా, కింటోర్ సంగతి చెప్పారు.

కింటోర్ ఆలిస్ స్ప్రింగ్స్‌కి ఐదొందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. కిడ్నీలు పాడైతే ఊరు, మనవలు, తమ నేల అన్నీ వదిలి టౌన్‌కి రావాల్సిందే. అక్కడి పింటుపి చిత్రకారులు పెద్ద పెద్ద కాన్వాసులు వేసి, 2000లో సిడ్నీలో వేలం పెట్టి, పది లక్షల డాలర్లకు పైగా సేకరించారు. ఆ డబ్బుతో మొదలైన సంస్థనే ఇప్పుడు అందరూ పర్పుల్ హౌస్ అంటారు. డయాలసిస్ మెషీన్ కింటోర్‌కే వెళ్లింది.

అప్పుడు మళ్లీ ఆ షీట్ ఇచ్చి, ‘అవగాహన కావాల్సింది ఎవరికి’ అని అడిగారు. కల్చరల్ సేఫ్టీ అనే పాఠం ఆ తర్వాతే మొదలైంది. ఆ ఆలోచన న్యూజిలాండ్‌లో మావోరీ నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ నిలబెట్టినది. అందులో అసలు సంగతి, ఇచ్చిన సేవ సురక్షితంగా ఉందో లేదో తేల్చేది పేషెంటే, నర్సు కాదు. ఈ రోజుకీ డిశ్చార్జి పేపర్లు తీసుకుని బెడ్ దగ్గరికి వెళ్లేటప్పుడు ముందు ‘ఇంటి దగ్గర ఎవరున్నారమ్మా’ అని అడిగి కూర్చుంటాను. ఆ క్లాసు నుంచే నాకు అది వచ్చింది.

యర్రా_ఒడ్డున

నర్స్ గారూ, చాలా థాంక్సండీ. షీట్ ముందు ఇచ్చి తర్వాత కింటోర్ చెప్పిన వరుస నాకు చాలా నచ్చింది. మరి మన పిల్లల ‘మాకేం సంబంధం’ సంగతి?

టౌన్స్‌విల్_లా

వాళ్లకు మూలవాసుల భూమి హక్కును గుర్తించిన మాబో కేసు చెప్పండి, కానీ తీర్పు నుంచి కాదు, మనిషి నుంచి. ఎడ్డీ కోయికీ మాబో ఆస్ట్రేలియాకు ఉత్తరాన టోరెస్ స్ట్రెయిట్ అనే జలసంధిలోని మెర్ దీవి మనిషి. ఇక్కడ జేమ్స్ కుక్ యూనివర్సిటీలో తోటమాలిగా పనిచేశారు. భోజనాల వేళ హెన్రీ రేనాల్డ్స్, నోయెల్ లూస్ అనే ఇద్దరు చరిత్రకారులతో మాట్లాడుతూ మెర్‌లో తన నేల గురించి చెబుతుంటే, చట్టం ప్రకారం అది ప్రభుత్వ భూమి అని వాళ్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన నమ్మలేకపోయారు. 1982లో కేసు వేశారు. అది నడుస్తుండగానే 1985లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఆ హక్కులే లేకుండా చేసే చట్టం తెచ్చింది. 1988లో హైకోర్టు (ఆస్ట్రేలియాలో అదే అత్యున్నత కోర్టు) దాన్ని కొట్టేసింది. అసలు తీర్పు 1992 జూన్ 3న వచ్చింది. మాబో ఆ జనవరిలోనే కన్నుమూశారు. ఇప్పుడు టౌన్స్‌విల్ క్యాంపస్ లైబ్రరీకి ఆయన పేరే ఉంది.

తాతల నాటి పొలానికి పాస్‌బుక్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఈ కథ వెంటనే అందుతుంది. గట్టు ఎక్కడుందో ఊరందరికీ తెలుసు, కాగితంలో మాత్రం పేరు లేదు. మా క్లాసులో ఒకబ్బాయి ఈ మాటే అన్నాడు. ఆ రోజు తర్వాత అతను వెనక బెంచీ వదిలేశాడు.

పాడేరు_వైపు

నేను విశాఖ దగ్గర డిగ్రీ కాలేజీలో చెబుతాను, ఆస్ట్రేలియా చూడలేదు. మాబోతో పాటు సమత తీర్పు పెడితే బాగుంటుంది. అనంతగిరి వైపు గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. మా దగ్గర గిరిజన పిల్లలకు, ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా చూసే 1/70 చట్టం ఇంట్లో మాట. తీర్పు కాపీ చేతిలో పెడితే వాళ్లే మాకు పాఠం చెబుతారు.

టౌన్స్‌విల్_లా

మంచి జోడీ మాస్టారూ. ఒక్క జాగ్రత్త. సమతలో కోర్టు అప్పటికే ఉన్న రాజ్యాంగ రక్షణను, చట్టాన్ని అమలు చేసింది. మాబోలో అసలు ఆ నేల మీద అంతకుముందు ఎవరి హక్కూ లేదన్న భావననే కోర్టు తోసేసింది, మెర్ దీవిలోని మెరియం ప్రజల సొంత చట్టాన్ని గుర్తించింది. ‘మా దగ్గరా ఇంతే’ అని పిల్లలు త్వరగా చేతులు దులుపుకోకుండా, ఆ తేడా ఎక్కడుందో వాళ్లతోనే వెతికించండి. పోలిక చర్చకు తలుపు తీయాలి గానీ అబోరిజినల్ ప్రజల విషయాన్ని పక్కకు నెట్టకూడదు.

అడిలైడ్_అక్క

అందరూ డాక్యుమెంట్లు చెప్పారు, నేను కుర్చీల గురించి చెబుతాను. నవ్వకండి, చాలా తేడా ఉంటుంది. వరసలు తీసేసి గుండ్రంగా వేయండి. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు మధ్యలో దూరకూడదు. మాట లేని నిమిషాలు వస్తే ట్యూటర్ కంగారుపడి నింపేయకూడదు, అదే అన్నిటికంటే కష్టం. దీన్ని చాలామంది యార్నింగ్ సర్కిల్ అంటారు. అబోరిజినల్ మనిషి నడపనప్పుడు నేను ఆ పేరు వాడను. వాళ్ల పద్ధతి నుంచి నేర్చుకున్నాం అని చెప్పి ఊరుకుంటాను. డేలీ నది ప్రాంతపు పెద్ద మిరియం రోజ్ ఉంగున్‌మెర్ బౌమన్ దదిర్రి గురించి చెప్పినది మొదటి వారంలో వినిపించండి. లోతుగా, తొందర లేకుండా వినడం గురించి ఆవిడే స్వయంగా చెబుతారు.

క్లాసులో అబోరిజినల్ స్టూడెంట్ ఉంటే ‘నువ్వేమంటావు’ అని వాళ్ల వైపు చూడొద్దు. ఇది మాత్రం చాలా గట్టిగా చెబుతున్నాను. వాళ్లు డిగ్రీ చదువుకోవడానికి వచ్చారు, మనకు పాఠం చెప్పడానికి కాదు. బయటి నుంచి ఎల్డర్‌ని (అబోరిజినల్ సమాజపు పెద్దని) పిలిస్తే గౌరవ వేతనం, ప్రయాణ ఖర్చు ముందే డిపార్ట్‌మెంట్‌తో ఖాయం చేయించండి. టీ, బిస్కెట్లతో సరిపెట్టే చోట్లు చూశాను. ప్రొఫెసర్‌ని పిలిస్తే అలా చేస్తామా?

బ్రిస్బేన్_బీఎడ్

అక్కా, అసైన్‌మెంట్ సంగతి కూడా చెప్పండి. మాకు రిఫ్లెక్టివ్ జర్నల్ ఇచ్చారు. అందరం ‘నా కళ్లు తెరుచుకున్నాయి, చాలా బాధ కలిగింది’ అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. టీచర్లకు ఉన్న జాతీయ ప్రమాణాల్లో అబోరిజినల్ పిల్లలకు ఎలా చెప్పాలో తెలిసుండాలని స్పష్టంగా ఉంది. మా బాధ చదివితే అది ఎలా తెలుస్తుంది?

అడిలైడ్_అక్క

నేను బాధకు మార్కులు వేయను. మీరు అద్దెకు ఉంటున్న ఏరియా తీసుకోండి అంటాను. అది ఎవరి కంట్రీ (ఏ అబోరిజినల్ ప్రజల సొంత నేల), ఏ భాష, 1788లో బ్రిటిష్ వాళ్లు వచ్చి స్థిరపడిన తర్వాత అక్కడ ఏం జరిగింది, ఇప్పుడు అక్కడ ఏ అబోరిజినల్ సంస్థ ఏ పని చేస్తోంది, మీ వృత్తిలో వాళ్లను ఎప్పుడు ఎలా కలుస్తారు. ఐయాట్సిస్ (అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ప్రజల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ) మ్యాప్‌తో మొదలుపెట్టొచ్చు. అందులో సరిహద్దులు సుమారుగా గీసినవని ఆ మ్యాప్ మీదే రాసి ఉంటుంది, అది కూడా చదివించండి. రాసేవాటిలో సగమైనా అబోరిజినల్ రచయితలు, సంస్థలు చెప్పినవే ఆధారంగా ఉండాలని ముందే నియమం పెడతాను. టీచింగ్ పిల్లలైతే అదే మెటీరియల్‌తో ఒక లెసన్ ప్లాన్ చేయాలి.

యర్రా_ఒడ్డున

సరేనండీ, మొదటి వారం దదిర్రి, రెండో వారం నుంచి కొరాండర్క్ పేజీలు, నర్సింగ్ బ్యాచ్‌కి కింటోర్ అని ఒక ప్లాన్ రాసి సోమవారం మేడమ్‌కి చూపిస్తాను. హీల్స్‌విల్ గారూ, మీరు ఏ పేజీలు ఇస్తారో నాకు మెసేజ్ చేయగలరా? ఎల్డర్ వేతనం సంగతి కూడా ఆ రోజే అడుగుతాను, బడ్జెట్ ఇంకా ఖరారు కాలేదట.