‘మత సహనం’, ‘మత స్వేచ్ఛ’ ఒకటేనా?

యూరప్ చరిత్ర అనువదిస్తూ ‘టాలరేషన్’ (సహనం) అని వచ్చిన ప్రతిచోటా ‘మత స్వేచ్ఛ’ అని రాయొచ్చా అని నిన్న మన గ్రూపులో ఒక అమ్మాయి అడిగింది. వద్దమ్మా, అర్థమే మారిపోతుంది.

మనం దేన్ని సహిస్తాం? నొప్పిని, ఎండను, పక్కింటి గోలను. ‘భూదేవంత సహనం’ అన్నప్పుడు మెప్పంతా భరించేవాళ్లకే. ఎవరిని భరిస్తున్నారో వాళ్ల ఊసే ఉండదు. 1781లో ఆస్ట్రియాను ఏలిన క్యాథలిక్ చక్రవర్తి రెండో జోసెఫ్ ఇచ్చిన శాసనానికి ఈ మాట అతికినట్టు సరిపోతుంది. క్యాథలిక్ చర్చి నుంచి విడిపోయిన క్రైస్తవులైన ప్రొటెస్టెంట్లు ప్రార్థన మందిరం కట్టుకోవచ్చు. కానీ గోపురం ఉండకూడదు, గంట ఉండకూడదు, వీధి వైపు వాకిలి ఉండకూడదు. వీధి వాకిలి కూడా లేనిదాన్ని స్వేచ్ఛ అని ఎలా రాస్తాం? పైగా దయతో ఇచ్చింది ఎప్పుడైనా పోవచ్చు. ఫ్రాన్స్‌లో నాలుగో హెన్రీ 1598లో నాంత్ శాసనంతో ప్రొటెస్టెంట్లకు ఇచ్చిన హక్కులను మనవడు పద్నాలుగో లూయీ 1685లో లాగేసుకున్నాడు.

డచ్చివాళ్ల సంగతి వేరు. మతం పేరుతో ఎవరినీ విచారించకూడదని 1579 నాటి ఉట్రెక్ట్ ఒప్పందంలోనే రాసుకున్నారు. అయినా అక్కడ ప్రొటెస్టెంట్లదే పెత్తనం కాబట్టి క్యాథలిక్కులు బహిరంగంగా పూజ చేసుకోవడానికి వీల్లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలవ ఒడ్డున ఒక వర్తకుడి ఇల్లు ఇప్పటికీ ఉంది. బయటికి మామూలు ఇల్లే. మెట్లెక్కి పైకి వెళితే అటకంతా చర్చి. అధికారులకు తెలియక కాదు. దీనికి నేనైతే ‘చూసీ చూడనట్టు ఊరుకోవడం’ అనే రాస్తాను.

‘మరి పోలండ్?’ అని కింద ఒకరు అడిగారు. మంచి ప్రశ్నండీ. 1573 వార్సా ఒప్పందం రాజు దయ కాదు. వేర్వేరు మతశాఖల ప్రభువులు మతం కోసం రక్తం చిందించబోమని ఒకరికొకరు మాటిచ్చుకున్నారు. రాజును ఎన్నుకునేదీ వాళ్లే. అక్కడ ‘స్వేచ్ఛ’ అనండి, కానీ ముందు ‘ప్రభువుల’ అని తప్పకుండా చేర్చండి. వాళ్ల పొలాల్లో వెట్టి చేసే రైతుకు ఊరు వదిలి వెళ్లే హక్కు కూడా లేదు.

అమ్మాయీ, ఇంకొక్క మాట. 1789 ఆగస్టులో ఫ్రెంచ్ జాతీయ సభలో రబో సెంతేత్యెన్ అనే ప్రొటెస్టెంట్ పాస్టర్ తనకు కావలసింది టాలరేషన్ కాదు, లిబర్టీ అన్నాడు. నీ అనువాదంలో ఆ వాక్యం వస్తే రెండింటికీ ‘స్వేచ్ఛ’ అనే పెట్టి ఒకసారి చదివి చూడమ్మా.