త్యజించరానివా, త్యజింపరానివా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ‘1776’ అనే పాత హాలీవుడ్ సినిమాకి సరదాగా తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తున్నానండి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద 1969లో బ్రాడ్వేలో ఆడిన పాటల నాటకాన్నే 1972లో సినిమాగా తీశారు. పాటలన్నీ ఎలాగో లాక్కొచ్చాను గానీ ఒక్క మాట దగ్గర బండి ఆగిపోయింది. ముసాయిదా మీద వాదోపవాదాలన్నీ అయ్యాక జాన్ ఆడమ్స్ లేచి, ‘ఇన్ఏలియనబుల్’ హక్కులు కాదు, ‘అన్ఏలియనబుల్’ అనాలంటాడు. నేను హార్వర్డ్‌లో చదివానని ఆయన, నేను విలియం అండ్ మేరీ కాలేజీలో చదివానని ముసాయిదా రాసిన జెఫర్సన్. జెఫర్సన్ ససేమిరా అనడంతో ఆడమ్స్ సరే వదిలేశానంటాడు. ప్రింటర్‌తో తర్వాత మాట్లాడతాలే అని పక్కకి తిరిగి గొణుగుతాడు. నేను రెండుచోట్లా ‘హరించరాని’ అనే రాశాను. జోకు కాస్తా చచ్చిపోయింది. ఇంతకీ ఈ గొడవ నిజంగా జరిగిందా?

– గొడవ కల్పితం, మార్పు మాత్రం నిజం. జెఫర్సన్ చిత్తుప్రతిలో ‘ఇన్’ ఉంది. జులై 4 రాత్రి జాన్ డన్లప్ అచ్చువేసిన ప్రతుల్లో ‘అన్’ వచ్చింది. తర్వాత సంతకాలు చేసిన తోలుపత్రంలోనూ ‘అన్’ అనే ఉంది. ఎవరు మార్చారో తేలలేదు. కానీ ఆడమ్స్ స్వయంగా రాసుకున్న నకలులో ‘అన్’ కనిపిస్తుంది, బహుశా రచయితలు అది పట్టుకునే అల్లేశారు. ఇలాంటి కల్పన నాకు నచ్చుతుంది, ఆధారం ఉన్నచోటే అబద్ధం ఆడారు. అదే సినిమాలో జులై 4న అందరూ వరసగా వచ్చి సంతకాలు పెట్టడం చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. స్వాతంత్ర్యానికి ఓటు వేసింది జులై 2న, ఎక్కువ మంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. ఇంకో ముచ్చట, వాషింగ్టన్‌లోని జెఫర్సన్ స్మారకం గోడ మీద చెక్కినది ‘ఇన్’. ఆయన గుళ్లో ఆయన మాటే నెగ్గింది!

– అమ్మా, జోకు సంగతి తర్వాత, ముందు ‘హరించరాని’ తీసెయ్యండి. నేను రెవెన్యూలో చేసి రిటైరైన వాణ్ణి. ఏలియనేషన్ అంటే మా ఆఫీసుల్లో అన్యాక్రాంతం. భూమిలేని పేదకి ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా తీసి చూడండి. వారసత్వంగా అనుభవించవచ్చు, అన్యాక్రాంతం చేయరాదు అని షరతు ఉంటుంది. అంటే ఆ రైతు తన ఇష్టంతో, పూర్తి డబ్బు పుచ్చుకుని అమ్మినా అది చెల్లదు. 1977 చట్టం చెప్పేది అదే. ఆ మధ్య సడలింపులు వచ్చాయి లెండి, అది వేరే కథ. అమెరికా వాళ్ల మాట కూడా ఆస్తి చట్టంలోంచి వచ్చిందే. ‘హరించరాని’ అంటే పైవాడు లాక్కోకూడదని. ‘అన్ఏలియనబుల్’ అంటే సొంతదారు తనంతట తాను రాసిచ్చినా పోనిదని. రాజుకి మా తాతలు దాసోహమన్నారు కాబట్టి మేమూ పడుండాలి అనే వాదన అక్కడ కూలిపోతుంది. ‘హరించరాని’లో ఆ పట్టు లేదు.

– ‘జన్మహక్కు’ అంటే సరిపోదా? తిలక్ మాట అందరికీ తెలిసిందే కదా.

– అది హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతుందండి, వదులుకోవచ్చో లేదో చెప్పదు. అన్నట్టు 1930 జనవరి 26న దేశమంతా చదివిన పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ ఇంగ్లిషు పాఠంలోనూ ఈ మాటే ఉంది. మనవాళ్లు రాసింది ‘ఇన్’. జెఫర్సన్ పక్షం!

– రెవెన్యూ పెద్దాయన అర్థం తేల్చారు కాబట్టి ఇక రూపం చూద్దాం. ‘అన్యాక్రాంతం చేయరాని హక్కులు’ అంటే అర్థం అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. కానీ పేపర్లో ‘చెరువు భూములు అన్యాక్రాంతం’ అని రోజూ చదివే మనకి కబ్జా గుర్తొస్తుంది. పైగా తెర మీద పట్టదు. ‘త్యజించరాని’ తీసుకోండి. వదులుకోవడానికి వీల్లేదనే అర్థం అందులో ఉంది. జోకు కూడా బతుకుతుంది. జెఫర్సన్ ‘త్యజించరాని’ అంటాడు. ఆడమ్స్ లేచి ‘త్యజింపరాని’ అనాలంటాడు. గ్రాంథికంలో ఈ ‘చు’ ధాతువులు ఇలాంటి చోట ‘పు’ అవుతాయని బాలవ్యాకరణం చదివిన ప్రతివాడికీ తెలుసు. అర్థంలో వెంట్రుకవాసి తేడా లేదు, కొట్లాట మాత్రం తరాల నాటిది. మన తెలుగు పండితుల సభల్లో ఇంతకన్నా చిన్నవాటికి కుర్చీలు జరుపుకుని లేచి వెళ్లిపోయినవాళ్లున్నారు.

నిజానికి ఇంగ్లిషులో ఛాందసం అటుదిటు ఉంది. ‘ఇన్’ లాటిన్ ముక్క, వెనకున్న మాటా లాటినే. ‘అన్’ అచ్చ ఇంగ్లిషు ముక్క. మన లెక్కలో ఆడమ్స్ మాట వైరిసమాసం (సంస్కృతం, తెలుగు ముక్కల్ని కలిపి అతికిన సమాసం) లాంటిది, హార్వర్డ్ పట్టా చూపించి మరీ దాన్ని సమర్థిస్తాడు. తెలుగులో ఆ సొగసు రాదు. పోనివ్వండి.

ప్రశ్న వేసినావిడ: అద్భుతం గురువుగారూ! ‘త్యజింపరాని’ పెట్టేశాను, ఆడమ్స్ మొహానికి భలే నప్పింది. ఇంకొక్కటి. బానిసత్వాన్ని ఖండించే పేరా మీద గొడవప్పుడు, నీకూ బానిసలున్నారుగా అని దక్షిణ కరోలినా ప్రతినిధి రట్లెడ్జ్ నిలదీస్తే, వాళ్లని విడుదల చేయాలని ఇప్పటికే తీర్మానించుకున్నానంటాడు జెఫర్సన్. ఇది నిజమేనా?

– కాదు. సినిమాలో నేను క్షమించలేనిది ఆ ఒక్క వాక్యమే. ఖండించే పేరా ఆయన రాసిన మాటా, కాంగ్రెస్ (అప్పటి వలసల ప్రతినిధుల సభ) దాన్ని కొట్టేసిన మాటా నిజం. కానీ జీవితకాలంలో ఆయన కింద 600 మందికి పైగా బానిసలు మగ్గారు. బతికుండగా ఇద్దరికీ, వీలునామాలో ఐదుగురికీ స్వేచ్ఛ ఇచ్చాడు. ఆయన పోయాక అప్పులు తీర్చడానికి 1827 జనవరిలో ఆయన ఎస్టేటు మోంటిచెల్లోలో 130 మందిని వేలానికి పెట్టారు. రెవెన్యూ భాషలో చెప్పాలంటే ఆ మనుషులంతా అన్యాక్రాంతం చేయదగిన ఆస్తి.

– మరి సబ్‌టైటిల్లో ఏం చెయ్యాలి? ‘విడుదల చేస్తే బాగుండునని ఉంది’ అని మెత్తబరచనా?

– వద్దమ్మా. సినిమాని దిద్దడం సబ్‌టైటిల్ రాసేవాళ్ల పని కాదు. ‘నా బానిసలను విడుదల చేయాలని ఇప్పటికే తీర్మానించుకున్నాను’ అని ఉన్నదున్నట్టు రాయండి. 130 మంది సంగతి సినిమా పరిచయంలో రాసుకోండి.